సంఘం సమావేశం నుంచి అరెకరం దాకా: నా అనుభవం

చేనుకు పురుగుమందు కొట్టి వచ్చిన రోజు మా ఆయన అన్నం ముట్టేవాడు కాదు. తల తిరుగుతోందని మంచం మీద వాలిపోయేవాడు. మాది అనంతపురం జిల్లా, మెట్ట భూమి. ఏడాదికి సగటున పడేదే 550 మి.మీ. దగ్గర వాన. దాన్ని నమ్ముకుని ఏటా ఒక్క వేరుశనగే వేస్తూ, విత్తనం నుంచి పురుగుమందు దాకా అప్పుతోనే నెట్టుకొచ్చాం.

రసాయన ఎరువులు, పురుగుమందులు లేకుండా చేసే ప్రకృతి వ్యవసాయం మాట నా చెవిన పడింది మా పొదుపు సంఘం సమావేశంలో. రాష్ట్రంలో ఈ పనిని 2016 నుంచి ప్రభుత్వ రైతు సాధికార సంస్థ నడుపుతోంది. ఊళ్లలో మోస్తున్నది మాత్రం మహిళా సంఘాలు. మాకు నేర్పిన ఐసీఆర్‌పీ (ఊళ్లో ఈ సేద్యం నేర్పే కార్యకర్త) అక్క కూడా రైతే. ముందు తన చేలో చేసి, ఆ తర్వాతే మా దగ్గరికొచ్చింది. అందుకే మా ఆయన కూడా వెళ్లి ఆమె చేను చూసొచ్చాడు. ఊరికే చెబితే కదిలే మనిషి కాదు.

మొదటి పని ప్రణాళిక రాయడం. ఎంత భూమి, ఎన్ని పశువులు అని రాసుకున్నాక అక్క, "వదినా, సంతలో వారం వారం ఏమేం కొంటున్నారు?" అంది. కందిపప్పు, అలసందలు, మిరపకాయలు, ఆకుకూర... చెబుతుంటే నాకే బాధేసింది. భూమి పెట్టుకుని గోంగూర కూడా కొంటున్నాం! ఈ సేద్యానికి అరెకరం రాయించాను. మొత్తం ఒకేసారి మార్చమని ఎవరూ అనలేదు, అది మంచి పద్ధతి.

ఎండాకాలంలోనే, వానకు ముందే పొడి దుక్కిలో నవధాన్యాలు విత్తాం. పేరుకే నవధాన్యాలు, రకాలు పదిహేను దాటాయి: కంది, అలసంద, అనుము, ఉలవ, సజ్జ, కొర్ర, నువ్వులు, ఆముదం, ఆకుకూరలు. విత్తనాలకు బంకమన్ను, పేడతో చేసిన ఘనజీవామృతం ఎరువు పట్టించి గుళికలు చేసి ఆరబెట్టాలి. చినుకు పడేవరకు చీమలూ ఎండా వాటిని పాడుచేయకుండా ఆ పూతే కాపాడుతుంది. మే నెలలో విత్తుతుంటే మా అత్తకు గుండె ఆగినంత పనైంది, విత్తనం మట్టిపాలు చేస్తున్నామని. తొలకరికి చేను పచ్చబడ్డాక ఆమే పొద్దున్నే చూసొచ్చేది.

కష్టమంతా చేనుకు పోసే ద్రవజీవామృతం దగ్గరే. ఎకరాకు 200 లీటర్ల నీళ్లు, పది కిలోల పేడ, మూత్రం, రెండు కిలోల చొప్పున బెల్లం, పప్పుపిండి, గట్టు మీది మట్టి గుప్పెడు. రెండు రోజులు నీడలో పులియనిచ్చి, పొద్దునా సాయంత్రం కలపాలి. మాకు ఆవు లేదు. గోమూత్రం పట్టడం వేకువజామున చేయాల్సిన పని. పక్కింటి వాళ్లను అడిగి, బదులుగా వాళ్ల చేలో కలుపు తీశాను. ఆడవాళ్ల మీద పడే ఈ చాకిరీని లెక్కలో వేయకుండా ఖర్చు లేని సేద్యం అనేవాళ్లంటే నాకు కోపం. ఊళ్లో నాలుగిళ్లు కలిసి ఒకచోట చేసుకుంటే సగం భారం తగ్గుతుంది. మేం అలాగే చేసుకుంటున్నాం.

మొదటి ఏడు ఆ అరెకరంలోనే వేసిన వేరుశనగకు కాయ కొంచెం తగ్గింది. కానీ మందుల బాకీ లేదు. ఆకుకూర నెలలోపే కోతకొచ్చింది, అలసందలు తర్వాత, కంది చివర్లో ఇంటికి చేరింది. అప్పటికి మా కోడలు కడుపుతో ఉంది, రక్తం తక్కువని చెప్పారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత అని తేలింది. అంటే ఇది మా ఇంటి ఒక్కదాని బాధ కాదు. ఐరన్ మాత్రలు మానకుండా వేసుకుంది, అంగన్‌వాడీ గుడ్లూ పాలూ తీసుకుంది, చేలోంచి కోసిన తోటకూరా మునగాకూ రోజూ తింది. తర్వాతి పరీక్షలో రక్తం పెరిగింది. ఒక్క కూరతోనే పెరిగిందని నేను చెప్పను, మాత్రలు ఆపమని ఎవరికీ అసలే చెప్పను.

ఈ ఏడు మరో ఎకరం రాయించాం. పురుగు కనిపిస్తే వేపాకు, పేడ, మూత్రంతో చేసే నీమాస్త్రం కొడుతున్నాం. అది కొట్టి వచ్చి మా ఆయన కాళ్లు కడుక్కుని నేరుగా కంచం ముందు కూర్చుంటున్నాడు.