గారండ్ చిట్టా: చివరి నాలుగు రౌండ్లూ పైకే

ఈ ఆదివారం కూడా నా గారండ్, పాత అమెరికన్ సైనిక రైఫిల్, నన్ను ఏడిపించింది. 200 గజాలు, పడుకుని, రాపిడ్ స్ట్రింగ్, అంటే గడువులోపు గబగబా కాల్చే వరస. 80 సెకన్లలో పది రౌండ్లు: ముందు రెండు తూటాల క్లిప్పు, తర్వాత ఎనిమిదింటి క్లిప్పు. కాల్చి లేచేసరికి స్పాటింగ్ స్కోపు దగ్గర కూర్చున్న తమ్ముడు "అన్నా, మళ్ళీ ఎక్కింది" అన్నాడు. ఎంత ఎక్కిందిరా అంటే, "నువ్వే చూసుకో" అని జరిగి చోటిచ్చాడు.

వందకి 96. ఆరు పదులు, నాలుగు తొమ్మిదులు. మార్కులు చూస్తే ఏడవాల్సిన పనిలేదు. కానీ వాడు రాసిపెట్టిన వరస చూస్తే ఆ నాలుగు తొమ్మిదులూ చివరి నాలుగు రౌండ్లే. నాలుగూ పన్నెండు గంటల దిక్కునే, అంటే నేరుగా పైన. మొదటి ఆరింటి నడిమి నుంచి చివరి నాలుగింటి నడిమికి టేపు పెట్టి కొలిస్తే 4 అంగుళాలు. పది రింగు మొత్తం వెడల్పే 7 అంగుళాలు, అంటే నడి నుంచి 3.5 దాటితే తొమ్మిదే. రెండు వారాల కింద బెంచి మీద ఈ రోగం కుదిరిందని సంబరపడ్డవాణ్ణి నేనే.

అసలు గారండే ఎందుకని అడిగేవాళ్ళకి ఒక్క మాట. మిగతా సైనిక తరహా రైఫిళ్ళలో ఎం1ఏ చూశాను, ఎఫ్ఏఎల్ చూశాను, జీ3 తరహావీ చూశాను. జీ3 వాడిన కేసుల (ఖాళీ తూటా తొడుగుల) మీద నల్ల చారలు, సొట్టలు వేసి దూరంగా విసిరేస్తుంది. కేసులు ఏరుకుని మళ్ళీ నింపుకునే నాలాంటి పిసినారికి అది పనికిరాదు. ఎఫ్ఏఎల్ మీద మనవాళ్ళకి మమకారం ఉంటుంది, ఇషాపూర్‌లో తయారై మన సైన్యం దశాబ్దాలు మోసిన ఎస్ఎల్ఆర్ దాని తమ్ముడే కదా. పట్టుకుంటే నాకూ ఒళ్ళు పులకరించింది. కానీ దాని వెనక సైటు ఉండేది కింది భాగం మీద, బ్యారెల్ ఉండేది పై భాగానికి. రెంటి మధ్య కాస్త కదలిక ఉంటే గురి సంగతి దేవుడెరుగు. గారండ్‌లో వెనక సైటు రిసీవర్ మీదే, అంటే బ్యారెల్ బిగిసి ఉండే ఉక్కు భాగం మీదే కూర్చుంటుంది, క్లిక్కుకి ఒక కోణ నిమిషం, 200 గజాల్లో సుమారు 2 అంగుళాలు. 1936లో అమెరికా సైన్యంలోకి తీసుకున్న రైఫిల్‌కి ఇంత మంచి సైటు ఎలా కుదిరిందో! ఆ ఒక్క సైటు కోసమే సీఎంపీ (పాత సైనిక రైఫిళ్ళు పౌరులకి అమ్మే అమెరికన్ సంస్థ) నుంచి సర్వీస్ గ్రేడ్ గారండ్ తెప్పించుకున్నాను. క్లిప్పు పెడుతూ బోల్టు కింద బొటనవేలు రెండుసార్లు నలిగింది, అది వేరే కథ.

బాగా కుదిరినవి చకచకా చెప్పేస్తాను. ట్రిగ్గర్ 5 పౌండ్ల దగ్గర శుభ్రంగా తెగుతోంది. పోటీ నియమం 4.5 కంటే తగ్గకూడదంటుంది కాబట్టి ఇంకా కిందికి పోను. పాత బర్చ్ చెక్క స్టాకులో ట్రిగ్గర్ గార్డు (అది మూస్తేనే స్టాకు రైఫిల్‌కి బిగుస్తుంది) అసలు బిగువే లేకుండా మూసుకునేది. వాల్‌నట్ స్టాకు వేశాక ఠప్పుమని బిగుస్తోంది, మొదటి ఐదు రౌండ్ల గ్రూపు, అంటే గుళ్ళు పడ్డ ముద్ద వెడల్పు, ఒక అంగుళం తగ్గింది. అవిసె నూనె ఏడు పూతలు పూశాను, ఆ వాసనకి ఇంట్లో వారం రోజులు నాతో మాటల్లేవు.

ఇక అసలు రోగం. నెల కిందట బెంచి మీద ఇసుక సంచుల్లో ఆనించి, 20 సెకన్లకొకటి చొప్పున పది కాల్చాను. మొదటి ఐదూ 3.5 అంగుళాల్లో ముద్దగా పడ్డాయి. ఆరు, ఏడు కాస్త పైకి. ఎనిమిది నుంచి నిచ్చెన ఎక్కినట్టే. పదోది మొదటి ఐదింటి నడి నుంచి 6 అంగుళాల పైన. తర్వాత అవే తూటాలు రెండేసి నిమిషాలు ఆగి ఆగి కాల్చాను. మొత్తం పదీ 4.5 అంగుళాల్లో, ఎక్కడం అన్నదే లేదు. అంటే వేడి. అక్కడిదాకా ఎవరైనా చెప్తారు. వేడెక్కితే ఏది కదులుతోంది అన్నదే నా నెత్తి తినేసింది.

మొదట తూటాల్ని అనుమానించాను. నావి 150 గ్రెయిన్ల (సుమారు 9.7 గ్రాముల) గుళ్ళు, ఐఎంఆర్ 4895 అనే తుపాకి మందు పొడి. ఈ రైఫిల్‌కి బరువు గుళ్ళు, నెమ్మదిగా మండే పొడులు పెట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, ఆప్ రాడ్ (గ్యాస్ తోపుతో బోల్టుని నడిపే కడ్డీ) వంగాక ఏడిస్తే ఏం లాభం? క్రోనోగ్రాఫ్ పెట్టి చూస్తే వేగం వరసతో పాటు పెరగడమేమీ లేదు, మూడోది ఎంతో తొమ్మిదోదీ అంతే. గారండ్ కోసమే హార్నడీ వాళ్ళు చేసే 168 గ్రెయిన్ల రౌండ్లు రెండు పెట్టెలు తగలేశాను. జేబుకి బరువే గానీ మంచి సరుకు, గ్రూపు చిన్నదైంది. ఎక్కడం మాత్రం అంతే ఎక్కింది. వేడి చాంబర్లో తూటా నానితే పొడి చురుగ్గా మండుతుందేమోనని, నిమిషం ఆపి కొన్ని, పెట్టగానే కొన్ని కాల్చి చూశాను. తేడా కనబడలేదు.

తర్వాత ఆప్ రాడ్ స్ప్రింగు. పాతది 19¼ అంగుళాలు ఉంది, కొత్తది 20. మార్చాను. కేసులు ఒకేచోట పడుతున్నాయి, అదొక్కటే లాభం. గొట్టం మూతి దగ్గరుండే గ్యాస్ సిలిండర్ పట్టుకుని ఊపితే టకటకమంటోంది, ముందు సైటు కూర్చునేది దాని మీదే మరి. సిలిండర్ కూర్చునే గాడుల అంచుల్ని చిన్న సుత్తితో నొక్కి బిగించాను. అడ్డంగా చెదరడం అంగుళం తగ్గింది. నిలువు మాత్రం చెక్కుచెదరలేదు.

అప్పుడు కళ్ళు పడ్డాయి ముందు హ్యాండ్‌గార్డ్ మీద, బ్యారెల్‌ని పైనుంచి కప్పే చెక్కముక్క మీద. మంచి గారండ్‌లో ఆ చెక్కముక్క ముందుకీ వెనక్కీ వేలితో తోస్తే కొద్దిగా జరగాలి. నాది శిల. లోయర్ బ్యాండుకీ (బ్యారెల్ చుట్టూ ఉండే లోహపు పట్టీ) గ్యాస్ సిలిండర్‌కీ మధ్య ఇరుక్కుని ఉంది, 0.002 అంగుళం ఫీలర్ గేజి (సందు కొలిచే పలుచటి రేకు) కూడా దూరలేదు. మొదట నా బుర్రకి ఎక్కలేదు. బ్యారెల్ వేడెక్కితే సాగుతుంది, సాగితే ఆ ఇరుకు తగ్గాలి గానీ పెరగదు కదా? రెండు రాత్రులు దీని మీదే కొట్టుకున్నాక వెలిగింది. తగ్గడమే తంటా! చెక్క ఉండేది బ్యారెల్ పైన. చల్లగా ఉన్నప్పుడు అది పై అంచు దగ్గర సిలిండర్‌ని ముందుకు తోస్తుంటే గొట్టం మూతి వెంట్రుకవాసి కిందికి వంగుతుంది. ఉక్కు 100 డిగ్రీల సెల్సియస్ వేడెక్కితే అంగుళానికి సుమారు 0.0012 అంగుళం సాగుతుంది. హ్యాండ్‌గార్డ్ పొడుగుకి లెక్కేస్తే ఇంచుమించు 0.01. చెక్క ఒత్తిడి వదలడానికి అది చాలు. ఒత్తిడి వదిలితే మూతి లేస్తుంది, గుండు పైకి పోతుంది. నా ఊహే, కానీ గుళ్ళు పోయే దిక్కు, అవి పోవడం మొదలయ్యే వేళ రెండూ సరిపోతున్నాయి.

గాజుపలక మీద 120 నంబరు గరుకు కాగితం పరిచి, ఆ హ్యాండ్‌గార్డ్ వెనక అంచుని ఎనిమిదిలా తిప్పుతూ అరగదీశాను. పది తిప్పులకోసారి బిగించి చూడడం, మళ్ళీ విప్పడం. మూడు గంటలు. మొదటి గంటలో ఏమీ కాలేదు, రెండో గంటలో కంగారుపడి ఒక మూల ఎక్కువ తీశాను. చివరికి 0.020 గేజి జారుతూ దూరింది, తోస్తే టక్కుమంటోంది. గ్లాస్ బెడ్డింగ్ (స్టాకు లోపల గట్టి జిగురు పోసి రైఫిల్ కదలకుండా కూర్చోబెట్టడం) చేయించమని సలహాలు బోలెడు వచ్చాయి. నేను కాల్చే యథాతథ రైఫిళ్ళ (సైన్యం ఇచ్చిన రూపంలోనే ఉంచిన రైఫిళ్ళ) పోటీలో అది కుదరదు, కుదిరినా నాకిష్టం లేదు.

బెంచి మీద మళ్ళీ అదే పరీక్ష: 20 సెకన్లకొకటి, పది. ఎక్కడం 6 నుంచి 2 అంగుళాలకి దిగింది. ఆ రోజు తమ్ముడికి బిర్యానీ పెట్టించాను. అది తొందరపాటు.

బెంచి మీద 2 అయితే పడుకుంటే 4 ఎందుకు? ఆదివారం ఆ నాలుగు తొమ్మిదుల్ని చూస్తూ స్లింగ్ (రైఫిల్‌ని చేతికి బిగించే నూలు పట్టీ) విప్పుతుంటే జాకెట్ చేతి మీద మడతలు కనబడ్డాయి. రౌండు పేల్చినప్పుడల్లా పట్టీ కాసింత కిందికి జారిన ఆనవాళ్ళు. రేంజి బల్ల మీద సుద్దముక్క ఉంటే పట్టీ అంచు వెంట గీత గీసి, ఇంకో రాపిడ్ స్ట్రింగ్ కాల్చాను. లేచి చూస్తే గీతకీ పట్టీకీ మధ్య ఒకటింపావు అంగుళం ఖాళీ!

స్లింగ్ తగిలించే ముందువైపు కొక్కెం ఉండేది స్టాకు ఫెర్రూల్‌కి, అంటే స్టాకు ముందు కొసన ఉన్న లోహపు తొడుగుకి. ఆ ఫెర్రూల్‌ని లోయర్ బ్యాండు ఆనుకుని ఉంటుంది, ఆ బ్యాండు బ్యారెల్‌కి పిన్నుతో బిగించి ఉంటుంది. పట్టీ గట్టిగా లాగినంతసేపూ బ్యారెల్ కిందికి లాగబడుతుంది. పట్టీ జారేకొద్దీ ఆ లాగుడు తగ్గి గుండు పైకి పోతుంది. మిగిలిన 16 రౌండ్లూ దీనికే ఖర్చు పెట్టాను. వేడి అడ్డురాకుండా ఆగి ఆగి, మామూలు బిగువుతో ఎనిమిది, పట్టీ బాగా వదులు చేసి ఎనిమిది. వదులువి 3 అంగుళాలు పైన పడ్డాయి. అంటే నాలుగంగుళాల్లో బెంచి మీది రెండు పోగా మిగిలిన రెండూ నా చేతి నుంచే వస్తున్నట్టున్నాయి. నెల రోజులుగా చెక్కనీ ఉక్కునీ తిట్టుకున్నాను.

నూలు పట్టీకి ఇక సెలవు. జాకెట్ బట్ట మీద అది జారకుండా ఎవరికైనా ఆగితే అదృష్టవంతులు. 1907 నమూనా తోలు పట్టీ తెప్పిస్తున్నాను. కొత్త తోలు సాగుతుందంటారు, కాబట్టి ముందు రెండు వారాలు బరువు కట్టి వేలాడదీస్తాను. జాకెట్ చేతికి రబ్బరు ముక్క కుట్టించాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. బెంచి మీద మిగిలిన ఆ 2 అంగుళాల కోసం వెనక హ్యాండ్‌గార్డ్ విప్పాలి, రిసీవర్ వైపు అంచున ఒకచోట చెక్క నున్నగా మెరుస్తోంది, రాసుకుంటోందని అనుమానం. ఇదంతా అయ్యాక నిలబడి కాల్చే పది. అందులో నా మార్కులు 84, ఆ పాపం మాత్రం ఏ చెక్క మీదికీ నెట్టలేను.

వచ్చే ఆదివారం పట్టీ మూడు బిగువుల్లో, ఒక్కోదానికి రెండు ఎనిమిదులు, అన్నీ ఆగి ఆగి. సుద్దముక్క అప్పుడే సంచిలో వేసుకున్నాను. నాలుగు గంటలు స్కోపు దగ్గర కూర్చోవాలని తమ్ముడికి మాత్రం ఇంకా చెప్పలేదు.