టైలర్ జాన్సన్ వరుస మళ్లీ తేలలేదు

రాత్రి ఒంటిగంటన్నర దాకా కూర్చున్నా. ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) రిస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్ల కాంట్రాక్టులు జట్లకి గిట్టాయా అని చూసే షీట్ మొదలుపెట్టి ఇది నాలుగో వారం. అంటే, బయటి జట్టు ఇచ్చిన ఆఫర్‌ని మ్యాచ్ చేసి, అంతే మొత్తానికి పాత జట్టు అట్టేపెట్టుకోగల ఆటగాళ్లు. 2017లో టిమ్ హార్డవే జూనియర్‌కి నిక్స్ ఇచ్చిన 71 మిలియన్ డాలర్లు, 2020లో బొగ్డాన్ బొగ్డానోవిచ్‌కి హాక్స్ ఇచ్చిన 72 మిలియన్లు మొదటిసారికే కుదిరాయి. ఏడిపిస్తున్నది మయామీ ఆటగాడు టైలర్ జాన్సన్ ఒక్కడే.

2016లో నెట్స్ అతనికి 4 ఏళ్లకు 50 మిలియన్ల ఆఫర్ షీట్ ఇచ్చింది, మయామీ మ్యాచ్ చేసింది. అప్పటికి రెండు సీజన్లలో కలిపి అతను ఆడింది 68 మ్యాచ్‌లే! నా షీట్ మొత్తాన్ని నాలుగుతో భాగించి ఏటా 12.5 మిలియన్లు, అంటే 94.1 మిలియన్ల క్యాప్‌లో (జట్టు జీతాల పరిమితిలో) 13.3 శాతం అని చూపించింది. నెట్స్‌కి వెళ్లి ఉంటే ఆ లెక్కే నడిచేది. మయామీకి అలా కాదు. కొత్త ఆటగాళ్లకి బయటి జట్టు మొదటి రెండేళ్లు తక్కువ జీతమే ఆఫర్ చేయాలనే ఏరినాస్ రూల్ వల్ల మొదటి రెండేళ్లు 5.6, 5.9, తర్వాత రెండేళ్లూ 19.2 చొప్పున పడ్డాయి.

సరే, ఏడాదివారీగా విడగొట్టా. క్యాప్‌లో వాటా 6, 5.9, 18.9, 17.6 శాతం. సగటు 12.1. సమానంగా పంచితే వచ్చే నాలుగేళ్ల సగటు 12.4. ఇంత చేస్తే తేడా 0.3! ఫార్ములా మూడుసార్లు చూశా, తప్పేం లేదు.

నా అనుమానం, మొదటి రెండేళ్లలో మిగిలిన 13.5 మిలియన్లను చేబదులుగా రాసుకోవాలి. ఆ మిగులుతో ఏం కొన్నారన్నదే అసలు సంగతి. 2017 వేసవిలో మయామీ డియాన్ వెయిటర్స్, జేమ్స్ జాన్సన్, కెల్లీ ఒలినిక్‌లకు పెద్ద కాంట్రాక్టులిచ్చింది. టైలర్ 19.2కి ఎక్కేసరికి అవన్నీ నెత్తిమీదున్నాయి. 2019 ఫిబ్రవరిలో అతన్ని ఫీనిక్స్‌కి పంపేసింది. అందుకని వడ్డీ కాలమ్ కలిపా. 10 శాతం పెడితే సెల్ ఎర్రబడుతోంది (నష్టపు బేరమని), 5 పెడితే పచ్చగానే ఉంటోంది. రేటు నా ఇష్టమైతే ఇక షీట్ దేనికి?

ఆటగాడి విలువ కట్టడానికి వాడే విన్ షేర్స్ (జట్టు గెలుపుల్ని ఆటగాళ్లకి పంచే లెక్క) మీద కూడా నమ్మకం తగ్గింది. గెలిచే జట్టులో ఓ మూల నిలబడ్డవాడికీ ప్రసాదం పెడుతుంది. ఆటగాడు కోర్టులో ఉంటే జట్టుకి ఎంత లాభమో స్కోరు గణాంకాల నుంచి అంచనా వేసే బాక్స్ ప్లస్ మైనస్‌కి మారుదామనుకుంటున్నా. గూగుల్ షీట్స్ కూడా ఈ మధ్య మొరాయిస్తోంది. లిబ్రే ఆఫీసే నయం.

ఐపీఎల్ వేలంలో వచ్చిన ధరకే పాత జట్టు ఆటగాణ్ని వెనక్కి తీసుకునే ఆర్‌టీఎమ్ కార్డు చూసినవాళ్లకి ఇందులో చిక్కు వెంటనే తెలుస్తుంది. రోజూ ప్రాక్టీసులో చూసిన సొంత జట్టే వద్దనుకునేంత ధర పెడితే గానీ ఆటగాడు మన చేతికి రాడు. అందుకే బయటి జట్టుకి ఇది మంచి బేరమంటే నేను ఒప్పుకోను. 2012లో నిక్స్ వదులుకుంటే రాకెట్స్‌కి దక్కిన జెరెమీ లిన్ లాంటివి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు.

వచ్చే వారం అలెన్ క్రాబ్. 2016లో నెట్స్ 75 మిలియన్లు ఆఫర్ చేస్తే పోర్ట్‌లాండ్ మ్యాచ్ చేసింది. నెట్స్‌వాళ్లు బతికిపోయారు కదా అనుకుంటే, ఏడాది తిరగ్గానే అదే కాంట్రాక్టుని ట్రేడ్‌లో తెచ్చుకున్నారు! 2019లో వదిలించుకోవడానికి అట్లాంటాకి రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లు (కొత్త ఆటగాళ్ల డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్‌లో ఎంచుకునే హక్కులు) సమర్పించుకున్నారు. ఆ పిక్‌ల ఖర్చు ఎవరి వరుసలో వేయాలి? ప్రస్తుతానికి క్రాబ్‌కి రెండు వరుసలు తెరిచిపెట్టా. అది తేలాకే 2025లో బుల్స్ జోష్ గిడీకిచ్చిన 100 మిలియన్ల జోలికి వెళ్తా.