వంటగట్టు కొలత

ఒంగోలులోని మా ఇంట్లో పగిలిన వంటగట్టు తీయించి, చీమకుర్తి గెలాక్సీ రాయి వేయించే పని ఈరోజు పెట్టుకున్నాము. కొలతలు వారం క్రితం నేనే తీసి ఇచ్చాను. కళాశాల ప్రయోగశాలలో ఏళ్ల తరబడి పిల్లలకు మిల్లీమీటరులో చిన్న భాగాలను కూడా కొలిచే వర్నియర్ కాలిపర్స్ నేర్పుతున్నవాడికి రెండు గోడల మధ్య నాలుగడుగులు కొలవడం ఒక లెక్కా అన్న ధీమా నాది.

తీరా తోస్తే బండ జానెడైనా లోపలికి పోకుండా బిగుసుకుంది. తప్పు టేపుదేనని నాకు తోచింది, ఎందుకంటే దాని కొసన ఉన్న కొక్కెం లొడలొడలాడుతోంది. రివెట్లు బిగిద్దామని సుత్తి అందుకోగానే మేస్త్రి, "దాన్ని కొట్టబాకండి సార్, అది ఆడాల్సిందే," అన్నాడు. దగ్గరగా చూస్తే రివెట్ల రంధ్రాలు గుండ్రంగా కాక కోలగా ఉన్నాయి. అంచుకు తగిలించి లాగితే కొక్కెం తన మందమంత బయటికి జరుగుతుంది, గోడకు ఆనించి నొక్కితే అంతే లోపలికి పోతుంది, కాబట్టి రెండు విధాలా సున్నా సరిగ్గానే ఉంటుంది. ప్రయోగశాలలో శూన్య దోషాన్ని, అంటే పనిముట్టు సున్నా దగ్గరే చూపే తేడాను, కాగితం మీద తీసివేయించే నేను, దాన్ని తనంతట తానే సరిచేసుకునే పనిముట్టును పాడుచేయబోయాను.

తప్పు నాదే. ముందు అంచున మాత్రమే కొలిచాను. అక్కడ 1220 మిల్లీమీటర్లు, వెనుక గోడ దగ్గర 1213. మూల తిన్నగా ఉందో లేదో చూపే మూలమట్టం పెట్టి చూస్తే కుడి గోడ లోపలికి వాలి ఉంది. రెండు మిల్లీమీటర్ల సందు వదిలి నేను రాయించిన 1218 ఎలా పడుతుంది? మేస్త్రి వెనుక కొలత 1211కు తగ్గించి, ఏటవాలుగా గీత గీసి కోశాడు. ఆ దుమ్ములో నేను వర్నియర్ తెచ్చి బండ మందం కూడా చూశాను: ప్రధాన స్కేలు మీద 17, దాని గీతతో కలిసిన వర్నియర్ గీత ఇరవయ్యోది, గీతకు 0.02 చొప్పున 17.40 మిల్లీమీటర్లు. కొట్టులో చెప్పింది 18. ఇంకో మూల 17.90 వచ్చింది కనుక అడగడానికీ మనసొప్పలేదు, ఊరుకోవడానికీ ఒప్పలేదు.

సాయంత్రం బండ కూర్చున్నాక రసమట్టం పెడితే బుడగ సింకుకు దూరంగా జరిగి నిలిచింది. ఈసారి ముందే అడిగాను. నీళ్లు సింకులోకి పోవడానికి కావాలనే ఇచ్చిన వాలట.