బాపు డైరీలో దుబాయ్ ప్రయాణం

బాపు, అంటే మా నాన్న, కాజీపేటలో గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యాడు. బండి కదిలిన టైం, చేరిన టైం చిన్న డైరీలో రాసుకునే అలవాటు ఇప్పటికీ పోలేదు. మొన్న జనవరిలో దుబాయ్‌లో ఉన్న తమ్ముడి దగ్గరికి ఆయన్ని తీసుకెళ్లాను. విమానం ఎక్కడం ఆయనకదే మొదటిసారి.

తెల్లవారుజామున 4 గంటలకు కారెక్కాం. జనగామ, భువనగిరి దాటి, ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్ చేరేసరికి 7:05. దాదాపు 160 కిలోమీటర్లు. చెకిన్, ఇమిగ్రేషన్, సెక్యూరిటీ అయ్యాక కూడా చాలాసేపు కూర్చున్నాం.

విమానం 10:25కి కదిలింది, 10:43కి లేచింది. బాపు రెండూ వేరువేరుగా రాశాడు. టికెట్ మీద వేసే ప్రయాణ సమయంలో నేలమీద నడిచే ఈ నిమిషాలు కూడా కలిసే ఉంటాయని ఆయన డైరీ చూశాకే నాకు తట్టింది.

హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి నేరుగా గీత గీస్తే 2,550 కిలోమీటర్లు. విమానం సరిగ్గా ఆ గీత మీదే పోదు కాబట్టి ఇంకాస్త ఎక్కువే తిరుగుతుంది. సీటు ముందున్న తెర మీద వేగం గంటకు 700 కిలోమీటర్ల దగ్గర ఆడుతోంది. బాపు వేలు పెట్టి చూపిస్తూ, "ఎదురుగాలి కొడుతున్నట్టుంది బిడ్డా" అన్నాడు. నిజమే. చలికాలంలో అంత ఎత్తున పడమటి నుంచి గాలి బలంగా వీస్తుంది. పడమటికి పోయే విమానాన్ని అది వెనక్కి నెడుతుంది.

దిగేసరికి మన టైం 2:35. అక్కడ 1:05. గంటన్నర తేడా. బాపు వాచీ మార్చనివ్వలేదు. "నా లెక్క నాకు ఉండనీ" అన్నాడు. తమ్ముడి రూం చేరేసరికి ఆయన వాచీలో 4 దాటింది. ఇంటి నుంచి 12 గంటలు, అందులో గాల్లో ఉన్నది 4 గంటలు కూడా లేదు. తమ్ముడు తలుపు తీసి బాపును పట్టుకుని చాలాసేపు వదల్లేదు. మూడేళ్లయింది వాడు ఇంటికి రాక.

వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోసింది. తెర మీద 900 దాటింది. 3 గంటల 12 నిమిషాల్లో శంషాబాద్‌లో దిగాం. పోయినప్పటికంటే 40 నిమిషాలు తక్కువ. ఆ అంకె కింద బాపు రెండు గీతలు గీశాడు.

ఇంటికొచ్చిన మూడో రోజు, "మామునూరు పోయొద్దాం పా" అన్నాడు. వరంగల్ దగ్గర నిజాం కాలంలో, 1930లో కట్టిన ఎయిర్‌పోర్టు అది. 1981 దాకా విమానాలు దిగేవి. శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపల ఇంకొకటి రావద్దన్న ఒప్పందం చాలా ఏళ్లు దానికి అడ్డుపడింది. 2025లో కేంద్రం మామునూరు ఎయిర్‌పోర్టుకు అనుమతి ఇచ్చింది. బాపు పాత రన్‌వే వైపు చూస్తూ కాసేపు నిలబడి, డైరీ తీశాడు.

"కాజీపేట - మామునూరు: 35 నిమిషాలు."