సన్యాసి పీతలకు తగిన గుల్లలు ఎంచుకోవడం: నా అనుభవం

వేసవి వచ్చిందంటే న్యూజెర్సీ తీరంలోని బోర్డ్‌వాక్ (సముద్రపు ఒడ్డున చెక్కతో వేసిన నడక బాట) దుకాణాల్లో సన్యాసి పీతలను తీగ పంజరాల్లో పెట్టి అమ్ముతారు. వీటిలో ఎక్కువ భాగం కరీబియన్ దీవుల తీరాల్లో పట్టి తెచ్చిన, నేల మీద బతికే కోయెనోబిటా క్లిపియాటస్ జాతివి. ఎడమ డెక్క పెద్దదిగా, ఊదా రంగులో ఉండడం వీటి గుర్తు. మా అమ్మాయి పట్టుబట్టగా అలాంటి పీతలు రెండు మా ఇంటికి వచ్చాయి. రెండూ రంగులు పూసిన గుల్లల్లోనే ఉన్నాయి. చిన్నదాని గుల్ల అంచున రంగు పెచ్చులుగా లేచిపోవడం, ఆ పెచ్చులను అది డెక్కతో గీకి నోట పెట్టుకోవడం చూశాక, మేత కన్నా ముందు మంచి గుల్లలు సమకూర్చాలని నిర్ణయించుకున్నాను.

సన్యాసి పీత తన గుల్లను తాను తయారుచేసుకోలేదు. చచ్చిపోయిన సముద్రపు నత్తల గుల్లల్లో దూరి బతుకుతుంది. దాని వెనుక భాగం మెత్తగా, ఏ రక్షణా లేకుండా, కుడివైపుకు వంకర తిరిగి ఉంటుంది. గుల్ల లోపలి నడిమి స్తంభాన్ని వెనుక కాళ్లతో బిగించి పట్టుకుంటుంది. మొప్పలు ఆరిపోకుండా కొంత నీటిని గుల్లలోనే మోసుకు తిరుగుతుంది కాబట్టి, చిన్న చిల్లు ఉన్న గుల్ల కూడా దానికి పనికిరాదు. గుల్ల కొనను పైకి, నోటిని మన వైపుకు తిప్పి పట్టుకున్నప్పుడు ఆ నోరు కుడి పక్కన ఉండాలి. దుకాణాల్లో దొరికేవి దాదాపు అన్నీ అలాంటివే అయినా, నేను ప్రతి గుల్లనూ తిప్పి చూశాను.

అన్నిటికన్నా ముఖ్యమైనది నోటి ఆకారం. ఈ జాతి పీత లోపలికి ముడుచుకున్నప్పుడు ఆ పెద్ద డెక్కనే తలుపులా అడ్డం పెట్టుకుంటుంది. డెక్క గుండ్రంగా ఉంటుంది కనుక గుండ్రటి నోరున్న టర్బో అనే సముద్రపు నత్త గుల్లలంటే వీటికి ఇష్టం. విశాఖపట్నంలో ఉన్న మా అత్తగారు సంగతి విని గవ్వలు పంపుతానన్నారు. గవ్వ నోరు సన్నని చీలిక మాత్రమేనని, అందులో పీత దూరలేదని వివరించి వద్దన్నాను. ఇక్కడి ఇసుకలో దొరికే పొడవు తోక గల వెల్క్ అనే నత్త గుల్లలనూ, వాటి నోరు గుండ్రంగా ఉండదు కనుక, తీసుకోలేదు. పైగా ఈ తీరంలో నీటిలో బతికే సన్యాసి పీతలు కూడా ఉన్నాయి, ఒడ్డున పడిన గుల్లలు వాటికి కావాలి.

కొలత తీసుకోవడానికి పీతను గుల్లలోంచి లాగకూడదు. ఒళ్లు తెగినా అది పట్టు వదలదు. పెద్ద పీత గాజు తొట్టి గోడకు ఆనుకుని ముడుచుకున్నప్పుడు, అది ఉన్న గుల్ల నోటిని బయటి నుంచే కాలిపర్‌తో కొలిచాను. సుమారు 20 మిల్లీమీటర్లు వచ్చింది. అదే కొలత నుంచి మూడు నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువ ఉన్న వాటి వరకు రకరకాల టర్బోలు తెప్పించాను. కొందరు అమ్మకందారులు గుల్ల మొత్తం పొడవునే రాస్తారు, అది మనకు ఎందుకూ అక్కరకు రాదు. నోటి వెడల్పు ఎంతో అడిగి తెలుసుకున్నాకే డబ్బు కట్టాను. ఒక్కో పీతకు కనీసం మూడు నుంచి ఐదు గుల్లలైనా ఉండాలని నా అభిప్రాయం, ఎందుకంటే ఎంపిక మనది కాదు, దానిది.

వచ్చిన గుల్లలను ఊపి ఇసుక రాల్చాను, టార్చి వేసి లోపల గట్టి మట్టి గానీ విరిగిన అంచులు గానీ ఉన్నాయేమో చూశాను. క్లోరిన్ తొలగించిన నీటిలో కొద్దిసేపు మరిగించి, బోర్లించి, పూర్తిగా చల్లారాక తొట్టిలో నోరు కనిపించేలా పెట్టాను.

రాత్రి పెద్ద పీత నున్నటి గోధుమ రంగు చారల టర్బో దగ్గరికి వచ్చింది. మొదట మీసాలతో అంచంతా తడిమింది. డెక్కను లోపలికి పోనిచ్చి, నేను ఎంత దులిపినా మిగిలిన ఇసుక రేణువులను బయటికి తోడింది. గుల్లను దొర్లించి బరువు చూసినట్టు ఎత్తి దించింది. చాలాసేపటికి పాత గుల్లను కొత్తదాని పక్కకు చేర్చి, లేత గులాబి రంగు వంకర పొట్టను బయటికి తీసి రెప్పపాటులో కొత్తదానిలోకి చొప్పించింది. నేను ముచ్చటపడి కొన్న మందపాటి బంగారు నోటి టర్బోను అది ముట్టుకోనైనా లేదు.

ఒక పీత వదిలిన గుల్లను మరొకటి ఆక్రమించడం వీటిలో సహజం. అందుకే ఖాళీ అయిన రంగు గుల్లను వెంటనే తీసేశాను. అది మామూలు గుల్లే అయి ఉంటే అక్కడే ఉంచేదాన్ని, మనసు మారి పీత వెనక్కి వెళ్లడం కూడా ఉంది. చిన్నది మాత్రం కొత్త గుల్లల వైపు చూడకుండా ఇసుకలోకి దిగింది. కుబుసం విడవడానికి దిగిన పీతను తవ్వి తీయడం ప్రాణాంతకం కనుక ఆ మూలను కదిలించలేదు. పైకి వచ్చిన కొన్నాళ్లకు 16 మిల్లీమీటర్ల నోరున్న టర్బోలోకి మారింది. కుబుసం విడిచిన ప్రతిసారీ ఒళ్లు కొంత పెరుగుతుంది కాబట్టి, ఇప్పుడు దానికి 17, 18 మిల్లీమీటర్ల నోరున్న వాటిని ముందుగానే మరిగించి తొట్టిలో ఉంచుతున్నాను.