మావాడి లెక్కలో 53 మెట్లు

ఈద్ సెలవుల్లో ఆర్మేనియా రాజధాని యెరెవాన్ వెళ్ళొచ్చాం. షార్జా, దుబాయిలో ఉండే మనవాళ్ళకి ఆర్మేనియా ఇప్పుడు ఊటీ లాంటిదైపోయింది. వీసా గొడవ పెద్దగా లేదు, విమానం ఎక్కితే మూడు గంటల పైచిలుకు, పైగా నాలుగు రోజులు ఎండ తప్పుతుంది. అందరిలాగే సెవాన్ సరస్సు, గార్ని గుడి చూసేశాక చివరి రోజు వాన పట్టుకుంది. ఎటూ కదిలే వీల్లేక ఆర్మేనియన్ కవి హోవన్నెస్ తుమన్యాన్ మ్యూజియంకి పోయాం. కవిగారి మీద భక్తితో ఏం కాదు, హోటల్‌కి దగ్గరని.

ముందర పొడుగ్గా మెట్లు. ఆయన 1869లో పుట్టి 1923లో పోయాడు, 54 ఏళ్ళు బతికాడు కాబట్టి మెట్లు కూడా 54. ఎనిమిదేళ్ళ మావాడు లెక్కపెట్టుకుంటూ ఎక్కి 53 అన్నాడు. వాళ్ళక్క నవ్వేసరికి రోషమొచ్చి వానలోనే కిందికి దిగి మళ్ళీ ఎక్కాడు. మళ్ళీ 53. ఇంక వదిలేశాం.

కింద ఆయన వస్తువులవీ ఉన్నాయి, చకచకా చూసేశాం. పైన ఇల్లు. మా పెద్దదానికి పేచీ మొదలైంది అక్కడే. ఆ గదులు ఆయన తిఫ్లిస్‌లో, అంటే ఇప్పటి జార్జియా రాజధాని త్బిలిసిలో, కాపురమున్న ఇంటివి. 1953లో ఇక్కడ మ్యూజియం కట్టినప్పుడు ఆ ఇంటి గదుల్ని ఆ సామానుతోనే అమర్చారు. "అయితే ఇది ఆయన ఇల్లు కాదు కదా మమ్మీ, ఫేక్" అంది. కాదే, సామాను నిజందే అన్నాను. "మరి ఆర్మేనియా కవి జార్జియాలో ఎందుకున్నాడు?"

చదువుకోడానికి పోయి అక్కడే ఉండిపోయాడు, మనలాగే, అనేశాను. అన్నాక నాకే చురుక్కుమంది. లోరి కొండల్లో ద్సెఘ్ అనే పల్లెటూర్లో పుట్టినాయన బతుకంతా దాదాపు వేరే ఊళ్ళోనే గడిచింది. పదిమంది పిల్లల్ని ఆ ఇళ్ళల్లోనే పెంచుకుంటూ ఆర్మేనియన్లో రాశాడు. 1899 నుంచి ఆయన మేడమీది గదిలో రచయితలంతా చేరేవాళ్ళు, వాళ్ళ గుంపుకి వెర్నతున్, అంటే మేడగది, అనే పేరు. నేనేమో పదేళ్ళుగా అందరికీ ఒకటే పాట పాడుతున్నాను, షార్జాలో పెరిగే పిల్లలకి తెలుగెట్లా వస్తుందండీ, బళ్ళో ఇంగ్లీషు, హిందీ, తప్పనిసరిగా అరబిక్, ఇంకోటి ఎక్కడ పెట్టేది అని. నిజమే, ఆ రోజుల్లో తిఫ్లిస్ నిండా ఆర్మేనియన్లే, వాళ్ళ బడులు, వాళ్ళ పత్రికలు, మా అపార్ట్‌మెంటుతో దానికి పోలికే లేదు. అయినా పుస్తకాల బీరువాల ముందు నిలబడ్డంతసేపూ ఏదో ఇబ్బందిగానే ఉంది. మా ఇంట్లో తెలుగు పుస్తకం అంటే పంచాంగం ఒక్కటే.

గదికి కాపలా కూర్చున్న పెద్దావిడ మమ్మల్ని చూసి "ఇందియా?" అని, ఏం భాష అన్నట్టు చెయ్యి తిప్పింది. పెద్దది "హిందీ" అంది, అదైతే వివరించే పని లేదని. చిన్నోడు మాత్రం "తెలుగు" అన్నాడు. ఆవిడకి అర్థం కాలేదు, ఏదీ మాట్లాడు అని సైగ చేసింది. వాడు కాసేపు ఆలోచించి, ముసలివాళ్ళతో మాట్లాడ్డానికి వాడి దగ్గరున్నదంతా బయటికి తీశాడు: "బాగున్నవా? తిన్నవా?" ప్రతి శుక్రవారం జగిత్యాలలో ఉన్న మా అమ్మతో ఫోన్లో అనేవి అవే రెండు ముక్కలు. ఆవిడ నవ్వి వాడి తడి జుట్టు నిమిరింది.

రాత్రి హోటల్లో, ఇంటర్నెట్‌లో ఇంగ్లీషులో దొరికిన తుమన్యాన్ కథ 'గికోర్' నేను ముందు చదువుకుని, పిల్లలకి తెలుగులో చెప్పాను. పన్నెండేళ్ళ పల్లెటూరి పిల్లాణ్ణి బాగుపడతాడని తండ్రి తిఫ్లిస్‌లో ఒక వ్యాపారి ఇంట్లో పనికి పెడతాడు. వాడు అక్కడే జబ్బుచేసి చచ్చిపోతాడు. తండ్రి వట్టి బట్టలు పట్టుకుని ఇంటికొస్తే, వాటి జేబుల్లో మెరిసే గుండీలు, రంగు కాయితాలు, గుడ్డ పీలికలు, నాలుగు పిన్నులు. చెల్లెలు జాని కోసం దాచినవి.

అక్కడ నాకు గొంతు పట్టేసింది. మా బాపు దుబాయి నుంచి రెండేళ్ళకోసారి వచ్చేటోడు, తాడుతో కట్టిన సూట్‌కేసు విప్పితే సెంటు సీసా, టైగర్ బామ్, నాకోసం తళతళలాడే రిబ్బను చుట్ట. ఏ క్యాంపులో ఎన్నాళ్ళు దాచాడో అప్పుడు అడగలేదు. ఈ సంగతి కూడా పిల్లలకి అదే ఊపులో చెప్పేశాను, మధ్యలో ఒక్క ఇంగ్లీషు ముక్కా దొర్లలేదని తర్వాత మావారు అన్నారు.

పెద్దది ఏం మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకుంది. చిన్నోడు వదల్లేదు. "జానీకి గుండీలు ఇచ్చిన్రా?"

తెలీదురా, కథలో అది లేదు అన్నాను.

వాడికి నచ్చలేదు. "అమ్మమ్మకు కాల్ చెయ్, అమ్మమ్మకు ఎరుకుంటది."

అక్కడ అప్పటికే అర్ధరాత్రి దాటింది, పొద్దున చేద్దాంలే అన్నాను. పొద్దున ఎయిర్‌పోర్టు టాక్సీలో కూర్చోగానే ఫోన్ లాక్కున్నాడు. "అమ్మమ్మా, బాగున్నవా, తిన్నవా," అని ఊపిరి పీల్చుకుని, "జాని అని ఒక పిల్ల ఉండె..."