ఫీడ్ చూడ్డానికి, గ్రూపు మాట్లాడ్డానికి

సోషల్ మీడియా రేపు ఎలా ఉంటుందో చెప్పమంటే నేను కంపెనీల ప్రకటనలు అస్సలు పట్టించుకోను. ఫేస్‌బుక్ 2021లో మెటా అని కంపెనీ పేరు మార్చుకుని ఇక ముందున్నదంతా మెటావర్సే, అంటే మనం లోపలికెళ్లి తిరిగే 3డీ వర్చువల్ లోకమే అంది, ఏదీ మరి? ఆరు సెకన్ల వీడియోల యాప్ వైన్ (Vine) 2017లో మూతపడింది, ఇప్పుడేమో ఎక్కడ చూసినా పొట్టి వీడియోలే.

నిన్న ఊరికే ఫీడ్ లాగుతూ కూర్చున్నా. తెలిసినవాళ్ల పోస్టు ఒక్కటి కనబడేసరికి బొటనవేలు నొప్పి పుట్టింది, మధ్యలో అంతా ముక్కూమొహం తెలియనివాళ్ల రీల్సే, అదే టైమ్‌లో మా కజిన్స్ వాట్సాప్ గ్రూపులో మాత్రం ఫొటోలు, అలకలు, తిట్లు, ఒకటే గోల. నా లెక్క ప్రకారం ఫీడ్ టీవీలా చూడ్డానికే మిగులుతుంది, మాటలన్నీ గ్రూపుల్లోకి పోతాయి. ఏఐ వీడియోలు పెరిగేకొద్దీ ఇంకా తొందరగా పోతాయి, ఏది నిజమో తేల్చుకునే ఓపిక ఎవరికుంది? ఈ పోస్టుకీ లైకులేం రావు, స్క్రీన్‌షాట్ తీసి ఏదో గ్రూపులో వేస్తారు చూడండి.